గార్డు పెట్టెకు వేలంపాట

"వెయ్యి రియాళ్ళా!"

నా అరుపుకి స్టాఫ్ రూములో పక్కన కూర్చున్న హిందీ టీచరు ఉలిక్కిపడి టీ అంతా చీర మీద ఒలకబోసుకుంది. ఫోనులో అవతలున్న అహ్మద్ అలీ మాత్రం తొణకలేదు, బెణకలేదు.

"జీ మేడం, వెయ్యి నుంచి షురూ. ఆపైన ఎవరి పాట పెద్దదైతే వాళ్ళకే," అన్నాడు. పెషావర్ మనిషి, దోహా పక్కన ఉమ్ సలాల్‌లో ఉంటూ చిన్న రైళ్ళ వ్యాపారం చేస్తాడు. అతను ఉర్దూలో అన్నది నేను నా తెలుగులో చెబుతున్నాను.

"అరచేతిలో పట్టే బొమ్మ భాయ్ సాబ్! దానికి వెయ్యా?"

"బొమ్మ కాదు మేడం, మోడల్." బొమ్మ అన్నందుకు నొచ్చుకున్నాడు. "అడుగున ఎర్ర మచ్చ ఒకటుంది కాబట్టి వెయ్యి. లేకపోతే పదమూడు వందలు పెట్టేవాణ్ణి. ఫోటో పంపాను, చూసుకోండి."

ఫోటో చూశాను. చూసి నోరెళ్ళబెట్టాను. ఆ ఎర్ర మచ్చ నా గోళ్ళ రంగు. నేను నా చేత్తో పెట్టిన దిష్టి చుక్క.

మొదటినుంచీ చెప్పకపోతే ఇదేం గోలో మీకు అర్థం కాదు. మాది రాజమండ్రి. నేను దోహాలో ఒక ఇండియన్ స్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన సుధాకరరావు గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. ఉండేది అల్ వుకైర్‌లో. మా ఆయనకి తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్నదల్లా ఒకే ఒక్క పిచ్చి, ఈ చిన్న రైళ్ళు. అసలు రైలుని ఎనభై ఏడో వంతుకి కుదించి చేస్తారట. డైనింగ్ టేబుల్ ఉండాల్సిన చోట మా ఇంట్లో ప్లైవుడ్ బల్ల, దాని మీద గుండ్రంగా పట్టాలు, ఒక స్టేషను, ఒక సిగ్నలు ఉంటాయి. మేం మాత్రం నేల మీద చాప వేసుకుని తింటాం. చెప్పుకుంటే సిగ్గుచేటు.

మన దేశపు గూడ్సు పెట్టెల్ని, బొగ్గువీ సిమెంటువీ నూనె ట్యాంకులూ, మేకులతో సహా అచ్చం అలాగే చేసే పెద్దాయన ఒకడు కోయంబత్తూరు వైపు ఉండేవాడట. పెట్టె తొంభై రియాళ్ళని మా ఆయన మొదటిసారి చెప్పినప్పుడే నేను ముక్కున వేలేసుకున్నాను. అలా కూడబెట్టి కూడబెట్టి ఇంజనూ, పదకొండు పెట్టెలూ కొన్నారు. తరువాత ఆ పెద్దాయనకి చూపు మందగించి పని మానేశాడు. ఇక కొత్తవి రావని తెలియగానే పాతవాటి ధర కొండెక్కి కూర్చుంది. తొంభైది మూడొందలైంది, మూడొందలది ఆరొందలైంది. మనుషులు వాటిని పట్టాల మీంచి తీసేసి, పత్తిలో చుట్టి, బీరువాల్లో పెట్టి తాళాలు వేసుకోవడం మొదలుపెట్టారు. నగలు పెట్టే చోట రైలు పెట్టెలు! ఇదెక్కడి చోద్యం!

మా ఆయన దగ్గర లేనిది ఒక్కటే, రైలు చివర ఉండే గార్డు పెట్టె. అది మా ఆయన స్నేహితుడు విద్యాసాగర్ అన్నయ్యది.

అన్నయ్యది గుడివాడ. ఇక్కడ ఇంకో కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టరు. ఆయనా, ఆయన భార్య సామ్రాజ్యం వదినా శుక్రవారం పొద్దున్నే చర్చికి వెళ్ళి, ప్రార్థన అవగానే తిన్నగా మా ఇంటికి వచ్చేవాళ్ళు. అన్నయ్య జేబురుమాలు విప్పి గార్డు పెట్టె తీసి రైలు చివర తగిలించేవాడు. అప్పుడు గానీ మా ఆయన స్విచ్చి నొక్కేవారు కాదు. మా మామగారు సామర్లకోటలో గూడ్సు గార్డుగా చేశారు లెండి. గార్డు పెట్టె లేని గూడ్సు కదిలిందంటే మా ఆయన దృష్టిలో అంతకన్నా పాపం లేదు. వేరే కంపెనీది కొని తగిలించుకోవచ్చు కదండీ అంటే, కొక్కేలు కలవవట.

యాభై దాటిన మగవాళ్ళిద్దరు మోకాళ్ళ మీద కూర్చుని ఒకరు జెండా ఊపితే ఒకరు నోటితో కూత వేస్తుంటే, నేనూ వదినా వంటింట్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్ళం. ఒకసారి పక్క విల్లా వాళ్ళు వచ్చి ఆ గార్డు పెట్టెనే తెగ మెచ్చుకుని వెళ్ళారు. వాళ్ళటు వెళ్ళగానే నేను గోళ్ళ రంగు సీసా తెచ్చి దాని అడుగున చుక్క పెట్టేశాను. "ఒరేయ్ సుధా, మీ ఆవిడ నా పెట్టెకి దిష్టి చుక్క పెట్టేసిందిరా," అని అన్నయ్య మురిసిపోయాడు.

అలాంటి మనిషి కిందటేడు ఒక శుక్రవారం ఖాళీ చేతులతో వచ్చాడు.

"అమ్మేశానురా సుధా. తొమ్మిది వందలొచ్చింది," అని నవ్వాడు.

మా ఆయన ముఖం పాలిపోయింది. "నాకు ఒక్క మాట చెప్పకుండానా?"

"రేటు అలాంటిది మరి. తొంభైది తొమ్మిది వందలకి పోతుంటే ఎవరైనా వదులుకుంటారా?"

"సరే," అన్నారు మా ఆయన. అంతే. ఆ సరే అన్న మాటతో అన్నీ అయిపోయాయి. ఆ రోజు వాళ్ళు భోంచేసి వెళ్ళారు, మళ్ళీ రాలేదు. మేమూ పిలవలేదు. మా ఆయన రైలు మీద పాత దుప్పటి కప్పేసి, ఆ చిన్న రైళ్ళ వాళ్ళ వాట్సాప్ గ్రూపులోంచి కూడా బయటికొచ్చేశారు. "డబ్బు చూసుకున్నాడు. మంచిదే," అని ఒకే ఒక్కసారి అన్నారు.

ఆ తరువాత మా ఇంట్లో శుక్రవారం అంటే నాకు భయం పట్టుకుంది. పొద్దున లేచి, తయారై, ఎవరో వస్తారన్నట్టు సోఫాలో కూర్చుంటారు. ఎవరూ రారు. టీవీ పెడతారు, చూడరు. పిలిస్తే పలకరు. బీపీ మాత్ర ఒకటి కాస్తా రెండయ్యాయి. ఏడాది పొడుగునా ఆ ముఖంలో నవ్వన్నది చూడలేదు నేను. నాకు రైలు అక్కర్లేదు, దాని ధరా అక్కర్లేదు. ఆ దుప్పటి తీసి మా ఆయన మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుంటే చాలు. అందుకే పాత అట్టపెట్టె మీద నంబరు పట్టుకుని అహ్మద్ అలీకి చెప్పి ఉంచాను, గార్డు పెట్టె ఎప్పుడొచ్చినా ముందు నాకే చెప్పమని. ఆ పెట్టె కొన్న మనిషెవరో ఖతర్ వదిలి వెళ్ళిపోతూ తిరిగి అతనికే ఇచ్చేశాడట. అదీ సంగతి.

వేలం పద్ధతి ఇలా ఉంటుంది. ఎవరికెంత ఇష్టమో అంత అహ్మద్ అలీకి మెసేజ్ పెట్టాలి. అతను పేరు చెప్పకుండా అంకె మాత్రం అందరికీ తెలియజేస్తాడు. గురువారం సాయంత్రానికి ఎవరిది పెద్దదైతే వాళ్ళది.

నేను వెయ్యి పెట్టాను. మర్నాడు పొద్దున్నే అంకె మారింది: 1,116.

ఎవడో మొండివాడు తగిలాడనుకుని పదిహేను వందలన్నాను. సాయంత్రానికి అహ్మద్ అలీయే ఫోన్ చేశాడు, తెగ నవ్వుతూ. "మేడం, ఎవరో పాగల్ ఉన్నాడు. రెండు వేలు అనొచ్చు కదా, అనడు. రెండు వేల నూట పదహారు అంటాడు! ఈ పదహారేంటి మేడం? నా జిందగీలో ఇలాంటి పాట వినలేదు."

పదహారేంటో ఆ పెషావర్ మనిషికి ఏం తెలుస్తుంది? పెళ్ళిలో, గృహప్రవేశంలో, బారసాలలో, కవరులో పెట్టి చేతిలో పెట్టే నూట పదహార్లు తెలుగువాడికి తప్ప ఇంకెవరికి తెలుసు? ఇంగ్లీషువాళ్ళూ, ఫిలిప్పీన్స్ వాళ్ళూ, మలయాళీలూ ఉన్న ఆ గుంపులో తెలుగువాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకాయన దుప్పటి కప్పేసి బయటికొచ్చేశారు. ఇక మిగిలింది ఎవరు?

విద్యాసాగర్!

ఒళ్ళు మండిపోయింది నాకు. హవ్వ, ఎంత గుండె! ఒకసారి అమ్మి సొమ్ము చేసుకున్నది చాలక, మళ్ళీ కొని ఇంకెవడో తెల్లవాడికి ఐదు వేలకి అంటగడదామని కాబోలు! మా ఇంటి పప్పుచారు తిన్న మనిషేనా? నా దిష్టి చుక్క చూసైనా సిగ్గేయలేదా? ఫోన్ చేసి కడిగేస్తే సంగతి మా ఆయనకి తెలిసిపోతుందని స్కూలు మెట్ల మీద నిలబడి నాలో నేనే తిట్టుకున్నాను. ఒక పిల్ల వచ్చి "మేడం, ఎవర్ని తిడుతున్నారు?" అని అడిగింది కూడా.

రెండు వేల ఐదొందలు పెట్టాను. అటునుంచి 3,116 వచ్చింది. అప్పటికి మిగతావాళ్ళంతా చేతులెత్తేశారు. అది ఇక వేలం కాదు, పంతం. గాజుల కోసమని దాచుకున్న నా జీతం ఉంది. మూడు వేల ఆరొందలు అన్నాను. ఆ అంకె పంపించాక కళ్ళు తిరిగాయి. మన రూపాయల్లో ఎనభై వేల పైమాటే! నాలుగు చక్రాలున్న ఇనుప ముక్కకి! మా అమ్మ బతికుంటే చెప్పు తీసుకుని కొట్టేది.

గురువారం సాయంత్రం మెసేజ్ వచ్చింది. "ఖలాస్ మేడం. మబ్రూక్. మీదే."

గెలిచాను. మబ్రూక్ అంటే అభినందనలట, నాకు మాత్రం గెలిచినందుకు సంతోషం రాలేదు. ట్యూషన్ ఉందని మా ఆయనతో చెప్పి ఉమ్ సలాల్ బయల్దేరాను.

అహ్మద్ అలీ దుకాణం అంటే విల్లా వెనకాల ఒక షెడ్డు. ఏసీ హోరున మోగుతోంది. గార్డు పెట్టెని పత్తిలో పడుకోబెట్టి, అట్టపెట్టెలో పెట్టి, నా చేతికిచ్చాడు. మూడు వేల ఆరొందలు ఎంత తేలిగ్గా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

"ఆ పదహారు సాబ్ ఇప్పుడే వెళ్ళాడు మేడం," అన్నాడు టీ అందిస్తూ. "టైం అయ్యేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఖలాస్ అన్నాక, ఒక్కసారి చేతిలోకి తీసుకోవచ్చా అని అడిగాడు. ఇచ్చాను. అడుగున ఎర్ర మచ్చని వేలితో రుద్ది, తిరిగి ఇచ్చేశాడు. ఇదిగో, ఈ కాగితం కూడా మర్చిపోయి వెళ్ళాడు. మీకు పనికొస్తే వాడుకోండి."

బల్ల మీద మెరుపు కాగితం చుట్ట ఒకటుంది. బహుమతులు చుట్టే కాగితం. పక్కనే ఎర్ర రిబ్బను.

"ఎవరికో గిఫ్ట్ అన్నాడు," అన్నాడు అహ్మద్ అలీ.

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. ఎంత బుద్ధిహీనురాలిని నేను! లెక్కలు చెప్పే మనిషినై ఉండి, ఈ చిన్న లెక్క తెలియలేదా? కొనేవాడు ఎక్కడైనా పదహార్లు కలుపుతాడా? కొనేవాడు బేరమాడి పది తగ్గిస్తాడు. పదహార్లు కలిపేది ఇచ్చేవాడే. మన వాళ్ళలో ఏ మనిషైనా తనకోసం కొనుక్కునే వస్తువుకి నూట పదహార్లు కట్టడం నేను పుట్టి బుద్ధెరిగి చూశానా? అన్నయ్య తన కోసం పాడటం లేదు. ఎవరికో చేతిలో పెట్టడానికి పాడుతున్నాడు. ఎవరికో ఏమిటి, ఆ గార్డు పెట్టె ఇవ్వదగ్గ మనిషి ఈ భూమ్మీద ఒక్కరే ఉన్నారు. ఆయన మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉన్నారు.

కారులో కూర్చుని సామ్రాజ్యం వదినకి ఫోన్ చేశాను, ఏడాది తరువాత.

"వదినా! ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా?" అంది. గొంతులో కోపం లేదు, అదే నన్ను చంపేసింది.

"ఎక్కడున్నారు? ఇంటికి వస్తున్నాను."

"ఇంటికా?" అంది. "మేం ఇల్లు మారాం వదినా. ఉమ్ సలాల్‌లో ఉంటున్నాం."

అహ్మద్ అలీ షెడ్డుకి నాలుగు వీధుల అవతలే. తోట ఉన్న పెద్ద విల్లా, దాని వెనకాల డ్రైవర్లూ పనివాళ్ళూ ఉండే వరస గదులు. అందులో చివరి గది ముందు వదిన నిలబడి ఉంది. పాత ఇంట్లో రెండు బెడ్రూములు, బాల్కనీ, ఆవిడ పెంచిన కరివేపాకు మొక్క ఉండేవి. ఇక్కడ గది, గదిలోనే పొయ్యి, మంచం కింద సూట్‌కేసులు.

"ఏంటిది వదినా? ఏమైంది?"

"మెల్లగా. ఆయన స్నానానికి వెళ్ళారు," అని నన్ను గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టింది. "కిందటేడు ఆయన ఉద్యోగం తీసేశారు. నాకే మూడు నెలలు తెలియనివ్వలేదు. రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, నా చేత బాక్స్ కట్టించుకుని, డ్యూటీకని వెళ్ళేవారు. ఎక్కడికెళ్ళేవారో ఇప్పటికీ చెప్పరు. అడిగితే తల దించుకుంటారు. అద్దె కట్టడానికి దారి లేక ఆ రైలు పెట్టె అమ్మారు. ఇప్పుడు మదీనత్ అల్ షమాల్‌లో చిన్న పని దొరికింది, సగం జీతం. దేవుడి దయ వల్ల గడిచిపోతోంది."

"మాకెందుకు చెప్పలేదు? మేం చచ్చిపోయామా?" గొంతు నా మాట వినలేదు, లేచిపోయింది.

"నేనూ అదే అన్నాను. 'సుధాకి తెలిస్తే డబ్బిస్తాడు. పుచ్చుకున్నాక ఇక వాడి పక్కన ఆ బల్ల దగ్గర కూర్చోలేను సామ్రాజ్యం,' అన్నారు. అందుకే రేటు కోసం అమ్మానని నవ్వుతూ చెప్పొచ్చారు. లోభి అనుకున్నా ఫరవాలేదు గానీ లేనివాడు అనుకోకూడదట! ఈస్టర్ నుంచి పైసా పైసా దాస్తున్నారు, ఆ పెట్టెని మళ్ళీ తెచ్చి అన్నయ్యగారి చేతిలో పెట్టాలని. ఇవాళ ఎవరో మహానుభావులు పై పాట పాడి పట్టుకుపోయారట. వచ్చినప్పటినుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

ఆ మహానుభావురాలిని నేనే వదినా అని ఎలా చెప్పను? ఒళ్ళో ఉన్న అట్టపెట్టెని చీర కొంగుతో కప్పేశాను. అంతలో తువ్వాలుతో తల తుడుచుకుంటూ అన్నయ్య రానే వచ్చాడు. సగానికి చిక్కిపోయాడు. నన్ను చూసి ఆగాడు. నా కొంగు కింద అట్టపెట్టె అంచు చూశాడు. అహ్మద్ అలీ అట్టపెట్టెలన్నీ ఒకేలా ఆకుపచ్చగా ఉంటాయి.

"నువ్వా చెల్లెమ్మా!" అన్నాడు.

"నేనే అన్నయ్యా."

"మూడు వేల ఆరొందలు?"

"నేనే."

ఆయన గోడ పట్టుకుని నిలబడ్డాడు. వదిన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, "ఓరి దేవుడా, మీలో మీరేనా!" అని నెత్తి కొట్టుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి.

"మీరు మళ్ళీ అమ్ముకోవడానికి పాడుతున్నారనుకున్నాను అన్నయ్యా. ఒళ్ళుమండి పెంచుకుంటూ పోయాను. నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను కూడా. ఇదిగో, తీసుకోండి. రేపు శుక్రవారం. మీరే తెచ్చి ఆయనకివ్వండి."

"నీ సొమ్ముతో కొన్నది నాదని ఎలా ఇస్తాను? నా దగ్గర మూడు వేల నూట పదహార్లు ఉన్నాయి. మిగతాది వచ్చే నెల..."

"నోరు ముయ్యండి!" అనేశాను పెద్దా చిన్నా లేకుండా. "నా పంతానికి పెరిగిన రేటు మీరు కడతారా? నేను అడ్డం పడకపోతే మీ మొదటి పాటకే వచ్చేది. పదకొండు వందల పదహార్లివ్వండి. ఒక్క రియాలు ఎక్కువిచ్చినా ఈ పెట్టె తీసుకెళ్ళి ఎడారిలో ఒంటెల మధ్య పారేస్తాను."

ఇచ్చాడు. నా చేతులతో లెక్కపెట్టి తీసుకుని, గార్డు పెట్టెనీ, షెడ్డులో మర్చిపోయిన మెరుపు కాగితాన్నీ ఆయన చేతిలో పెట్టాను. అప్పుడు వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉద్యోగం సంగతి మాత్రం అన్నయ్యగారికి చెప్పకు వదినా. తెలిసిందంటే ఈయనకి చచ్చినంత పనవుతుంది." చెప్పనని ఒట్టు పెట్టాను.

మర్నాడు పొద్దున్నుంచీ నా కాలు ఒకచోట నిలవలేదు. వంకాయ కూర చేశాను, పప్పుచారు పెట్టాను, నలుగురికి సరిపడా అన్నం వార్చాను. "ఎవరొస్తున్నారు?" అని మా ఆయన అడిగితే వినపడనట్టు ఊరుకున్నాను. పన్నెండు దాటాక గంట మోగింది.

మా ఆయనే తలుపు తీశారు. గుమ్మంలో అన్నయ్య, వెనకాల వదిన. అన్నయ్య చేతిలో మెరుపు కాగితం చుట్టిన పెట్టె.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని అలాగే నిలబడిపోయారు. లోపలికి రమ్మనాలని కూడా మా ఆయనకి తోచలేదు. నేనే లాక్కొచ్చి కూర్చోబెట్టాను. అన్నయ్య కాగితం తనే విప్పి, పత్తిలోంచి గార్డు పెట్టె తీసి, మా ఆయన ముందు పెట్టాడు.

"అదేరా సుధా. చుక్క చూడు."

ఇప్పుడు దుప్పటి లాగేస్తారు, ఇప్పుడు నవ్వుతారు అని నేను చూస్తున్నాను. మా ఆయన ఆ పెట్టెని ముట్టుకోను కూడా లేదు.

"తీసుకెళ్ళిపో," అన్నారు.

ఎనభై వేలండీ! ఏడాది కన్నీళ్ళండీ! తీసుకెళ్ళిపొమ్మంటారేంటి ఈ మనిషి!

"నేను పెట్టె అడిగానారా నిన్ను?" అన్నారు మా ఆయన. "పెట్టె పోతే పోనీ. పదేళ్ళ స్నేహంలో నాతో ఎప్పుడూ అబద్ధం ఆడనివాడివి, ఆ రోజు నా ముఖం చూసి నవ్వుతూ అబద్ధం ఆడావు. నీ నవ్వు నాకు తెలియదా? రేటు కోసం అమ్మే మనిషివా నువ్వు? ఏదో ఉంది, చెప్పలేదు. ఎందుకు చెప్పలేదురా అని ఏడాదిగా బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. ఎందుకు అమ్మావో చెప్పు. చెప్పకపోతే ఈ పెట్టె నాకొద్దు."

అంటే ఈయన లోభి అనుకోలేదా! ఏడాదిపాటు ఆ సోఫాలో కూర్చుని పెట్టె కోసం కాదా దిగులు పడింది! ఇరవై ఐదేళ్ళు కాపురం చేసిన మనిషిని నేను ఇంత తప్పుగా చదివానా! నోటిదాకా వచ్చిన నిజాన్ని పళ్ళ మధ్య పట్టి ఆపాను. ఒట్టు పెట్టాను కదా.

అన్నయ్య విప్పిన మెరుపు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు.

"ఉద్యోగం పోయిందిరా," అన్నాడు.

వదిన కళ్ళు మూసుకుంది. మా ఆయన ముందుకు వంగారు.

"ఎప్పుడు?"

"అమ్మడానికి మూడు నెలల ముందు."

"ఆ మూడు నెలలూ ప్రతి శుక్రవారం ఇక్కడికి వచ్చావు కదరా. జెండా ఊపావు కదరా."

"ఊపాను. ఆ ఒక్క పూటే బాగుండేది."

"మిగతా రోజులు?"

"డ్యూటీకి వెళ్తున్నట్టే బయల్దేరేవాణ్ణి. సామ్రాజ్యం బాక్స్ ఇచ్చేది."

"బయల్దేరి ఎక్కడికి వెళ్ళేవాడివి?"

వదిన కళ్ళు తెరిచింది. ఏడాదిగా తను అడిగి అడిగి వదిలేసిన ప్రశ్న అది. "చెప్పండి," అంది మెల్లగా.

"ఇక్కడికే," అన్నాడు అన్నయ్య. "మీ కాంపౌండ్ గోడ పక్క సందులో కారు ఆపుకునేవాణ్ణి. అక్కడ నీడ ఉంటుంది. లోపలికొచ్చి చెప్పేద్దామని రోజూ అనుకునేవాణ్ణి. కాళ్ళు వచ్చేవి కావు."

"సాయంత్రం దాకానా?"

"నీ కారు వచ్చేదాకా. నువ్వు గేట్లోకి తిరగడం చూసి, సరే, డ్యూటీ అయిపోయే టైమైంది, ఇక ఇంటికి వెళ్ళినా సామ్రాజ్యానికి అనుమానం రాదు అని బయల్దేరేవాణ్ణి."

వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడు నెలలు, గోడకి అవతల!

"బాక్స్?" అన్నారు మా ఆయన. "బాక్స్ ఎక్కడ తినేవాడివి?"

"కారులోనే."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

మా ఆయన లేచారు. బల్ల వైపు వెళ్తారనుకున్నాను, వెళ్ళలేదు. గార్డు పెట్టెని దాటుకుని వచ్చి అన్నయ్య పక్కన నేల మీద, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నారు. ఏడుస్తున్నారు. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

"అరుంధతీ," అన్నారు, ముఖం తుడుచుకోకుండానే. "మా ఇద్దరికీ ఒకే కంచంలో పెట్టు."